కిడ్నీ మనిషి

మత్తుగది డ్యూటీ పుస్తకం. రాసేది వన్నూరమ్మ, మత్తు సహాయకురాలు, చిత్రావతి కాలనీ ఆసుపత్రి. రోజుల లెక్క నేను డ్యూటీలో చేరిన నాటి నుంచి. ఇందులో డ్యూటీ సంగతులు మాత్రమే రాయాలని రూలు ఉంది. డ్యూటీ మధ్యలో నాకు కడుపు మండితే అది కూడా డ్యూటీ కిందికే వస్తుందని నా వాదన. ఇష్టం లేని సూపర్‌వైజర్లు పేజీ తిప్పుకోవచ్చు.

రోజు 3,118

బయటి గాలిని ఆపే రెండు తలుపుల గదిలో నిలబడి ఎర్ర దుమ్ము దులుపుకుని ఏడింటికి డ్యూటీ ఎక్కాను. మత్తు యంత్రాలు రెండూ తుడిచాను. గొట్టాలు ఉడకబెట్టాను. మాస్కులు కిటికీ దగ్గర ఆరబెట్టాను. ఇక్కడి సూర్యుడు చిన్నవాడే గానీ ఆ మాత్రం పనికి సరిపోతాడు.

మొదటి కేసు ఒక పెద్దాయన, కాలి ఎముకకి ప్లేటు వేయాలి. "నిన్న పొద్దున్నించి చుక్క నీళ్ళు ముట్టలేదుమ్మా" అన్నాడు గొప్పగా. మత్తుకు రెండు గంటల ముందు దాకా మంచినీళ్ళు తాగొచ్చని గోడ మీద ఇంతింత అక్షరాలతో రాసి పెట్టాం. చూపించాను. "తెల్సులేమ్మా. మిగిలిచ్చి మనవరాలికి పోసినా" అన్నాడు. ఈ కాలనీలో అందరూ ఇంతే. నీళ్ళు లేకుండా బతకడం వీళ్ళకే వచ్చని మా తాతల్ని అనంతపురం జిల్లా నుంచి ఏరి మరీ ఈ గ్రహానికి తెచ్చారట. వచ్చినవాళ్ళు కాలనీకి మళ్ళీ ఎండిపోయిన నది పేరే పెట్టుకున్నారు. మనిషికి తాగడానికి రోజుకు రెండున్నర లీటర్లు. అందులోనూ మిగిల్చి ఎవరికో ఒకరికి పోస్తే గానీ మాకు తోచదు.

మధ్యాహ్నం చౌడేశ్వరి రక్తపరీక్షకి వచ్చింది. డ్యూటీ సంగతి అయిపోయింది, ఇక నా సంగతి.

చౌడేశ్వరి ఒంట్లో నా మొగుడు తిప్పేస్వామి కిడ్నీ ఉంది. ఏడేళ్ళ కిందట ఇచ్చాడు. ఇద్దరూ ఒకే ఇటుకల బట్టీలో పనిచేసేవాళ్ళు. దుమ్ముకు ఆమె కిడ్నీలు రెండూ పాడైతే బట్టీలో ముప్పై మందికి పరీక్షలు చేశారు, ఈయనొక్కడిదే సరిపోయింది. ఈయన సరేనన్నాడు. ఆ రోజు మత్తు డ్యూటీ నాది. మెలకువ వచ్చాక ఆయన మొదట చూసింది నా మొహమే. ఏడాది తిరక్కుండా నన్ను చేసుకున్నాడు. పెళ్ళికి ముందు సంగతి కాబట్టి నాకు ఏడవడానికి హక్కు లేదని మా అక్క అంటుంది. హక్కు లేకపోతే కడుపు మండడం మానేస్తుందా? ఆమెకు కిడ్నీ ఇచ్చాడు. నాకు రెండు జతల గాజులు ఇచ్చాడు, అందులో ఒక జత పగిలిపోయింది.

మా ఆసుపత్రిలో ఇచ్చినవాణ్ణి "కిడ్నీ మనిషి" అంటాం, పుచ్చుకున్నవాళ్ళని "కొత్త మనిషి" అంటాం. ఆయాల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అదే మాట. నన్ను కూడా కిడ్నీ మనిషి పెళ్ళాం అని గౌరవంగా చూస్తారు. గౌరవం బాగానే ఉంది. కానీ రోజూ సాయంత్రం ఐదింటికి ఆ కిడ్నీ మనిషి ఎక్కడ ఉంటాడు? జంట కుళాయి దగ్గర.

ఒంటి కిడ్నీతో బతికేవాళ్ళు ఎండిపోకూడదని కాలనీ వాళ్ళు ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ కలిపి ఒక కుళాయి, రోజుకు రెండు లీటర్లు అదనంగా ఇస్తారు. ఇద్దరూ వచ్చి వేలు పెడితేనే నీళ్ళు వస్తాయి. అంటే నా మొగుడు నా ఇంటికి రాకముందు ప్రతి సాయంత్రం ఇంకో ఆడదాని పక్కన నిలబడి వేలు పెట్టాలి. ఇవాళ డ్యూటీ దిగి అటువైపుగా వెళ్ళాను. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. ఆమె ఆయన్ని అన్నా అనదు. "తిప్పేసామీ, ఇందా" అని డబ్బాలో పెంచుకున్న కరివేపాకు రెండు రెబ్బలు చేతిలో పెట్టింది. ఈయన ఆ కరివేపాకు తెచ్చి నా చేతిలో పెట్టాడు. తాలింపులో వేయలేదు. చెత్తలో వేశాను.

రోజు 3,121

ఇవాళ సెలవు పెట్టి నీళ్ళ ఆఫీసుకు వెళ్ళాను. మా కాలనీలో ఇంటి నీళ్ళ కాగితాల మీద ఇంటి ఆడమనిషి సంతకమే చెల్లుతుంది, మగవాళ్ళకి ఆ గొడవ లేదు. కాబట్టి ఆయన్ని అడగలేదు.

గుమాస్తా కళ్ళద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "జంట కుళాయి విడగొట్టాల్నా? ఏంటికమ్మా, కొట్లాడుకున్న్యారా?"

"కొట్లాటేం లేదు. బట్టీ దగ్గరే కుళాయి ఉండాది గదా. ఆడ పట్టుకుంటాడు."

"విడగొడితే ఆ రెండు లీటర్లు ఒగరికే రాయాల. మీటరు ఒగటే. కిడ్నీ మనిషికి రాస్తాము, ఇంగొకరికి రావు. సమ్మతమేనా?"

ఆ మాట వినగానే నాకు కలిగిన ఆనందం రాయకపోతే అబద్ధం రాసినట్టే. నేను కుళాయి విడగొట్టాలని మాత్రమే వచ్చాను. ఆమె నీళ్ళు పూర్తిగా పోతాయని అనుకోలేదు. పోతే పోనీ అనిపించింది. ఆ జుట్టు చూడండి, నడుము కిందికి, నల్లగా నిగనిగలాడుతూ. అందరం తడిగుడ్డతో తల తుడుచుకుంటుంటే ఆమెకు తల రుద్దుకోవడానికి నీళ్ళు ఎక్కడివి? నా మొగుడి పుణ్యం. కొన్నాళ్ళు ఆమె కూడా తడిగుడ్డతో తుడుచుకుంటే తెలుస్తుంది.

"కిడ్నీ మనిషికే రాయండి" అన్నాను.

కాగితం ఇచ్చాడు. చదవలేదు. గీత ఎక్కడుందో అక్కడ సంతకం పెట్టాను. విడగొట్టడానికి ఒక సంతకం చాలట.

సాయంత్రం ఆయనతో చెప్పాను. "ఏమప్పా, రేప్పొద్దున్నించి జంట కుళాయికి పోవద్దు. బట్టీ కాడ కుళాయికి రాయిచ్చినా. ఆడే పట్టుకో."

అన్నం కలుపుతున్నవాడు చెయ్యి ఆపాడు. "చౌడేశ్వరికో?"

అదీ సంగతి. ముందు ఆమె పేరే. "దాని సంగతి ఆఫీసోళ్ళు చూసుకుంటారు. నీకేంటికి?" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. నోట్లో నాలుక లేని మనిషి, అదే నాకు కలిసి వచ్చింది.

రోజు 3,149

ఇవాళ నాలుగు కేసులు. ఒకటి కాన్పు, మూడు చిన్న కోతలు. ఆక్సిజన్ సిలిండర్లు మార్చాను. మందుల అలమారా సర్దాను.

ఈ నెల రోజులు ప్రాణం హాయిగా ఉంది. సాయంత్రం ఐదున్నరకల్లా మొగుడు ఇంట్లో ఉంటున్నాడు. "నీళ్ళు పట్టుకున్న్యావా?" అని అడుగుతాను, "ఆ" అంటాడు. అంతే, సంసారం.

ఒక్కటే బాగాలేదు. నిన్న రేషన్ వరుసలో చౌడేశ్వరి కనబడింది. నేను ఆమె మొహం వాడిపోయి ఉంటుందని ఆశగా చూశాను. వాడలేదు సరికదా, బుగ్గలు నిండాయి. జుట్టు మామూలుకంటే ఇంకా మెరుస్తోంది. "అక్కా, బాగుండావా?" అని పలకరించింది. ఒళ్ళు మండిపోయింది. నీళ్ళు ఆపినా ఎండని మనిషిని ఏమి చేయాలి?

ఆయన మాత్రం కాస్త నీరసంగా ఉన్నాడు. పెదాలు పగిలాయి. తలనొప్పి అంటున్నాడు. బట్టీలో కొత్త పొయ్యి పెట్టారు, వేడి ఎక్కువ, అందుకే అనుకున్నాను. పోయిన వారం ఇటుకల బండి ఎత్తుతుంటే గజ్జల్లో ఏదో పొంగిందట. పడుకుంటే లోపలికి పోతుంది, నిలబడితే బయటికి వస్తుంది. హెర్నియా. నేను ఆసుపత్రిలో పనిచేస్తున్నా ఆయన నాకు వారం తర్వాత చెప్పాడు.

రోజు 3,168

ఇవాళ ఆయన్ని ఆపరేషన్ ముందు పరీక్షకి తీసుకొచ్చాను. మత్తు డాక్టర్ హుసేన్‌బీ మేడం చూశారు. మేడంకి అరవై దాటాయి, ఈ కాలనీలో సగం మందిని నిద్రపుచ్చి లేపింది ఆమే. నోరు గట్టిది, చెయ్యి ఇంకా గట్టిది.

తిప్పేస్వామి గాబరాగా ఉన్నాడు. "ఒంటి కిడ్నీ గదా మేడం. మత్తు పడుతుందా?"

"ఏమప్పా, ఒంటి కిడ్నీ అయితే ఏమి? ఉండే కిడ్నీ బాగా పనిచేస్తాంటే అందరికి ఇచ్చినట్టే ఇస్తా. నాకు ముందే తెల్సుండల్ల, అంతే. మనిషి ఎండిపోయుండగూడదు. ఆపరేషన్లో బీపీ పడగూడదు. ఆపరేషన్ అయినాక అందరికి పొడిచే ఆ నొప్పిసూది నీకు పొడవగూడదు, అది కిడ్నీకి మంచిది కాదు. వేరేది ఉండాది. భయపడగాకు."

ఆయన మొహం కాస్త తేటపడింది. అంతలో రక్తపరీక్ష చీటీ వచ్చింది. కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే అంకె, క్రియాటినిన్, అది ఎంత పెరిగితే అంత చెడ్డ. ఆయనకు ఏడేళ్ళుగా ఒకటీ పాయింట్ రెండు దగ్గర కదలకుండా ఉంది. ఇవాళ ఒకటీ పాయింట్ ఏడు.

మేడం చీటీని రెండుసార్లు చూశారు. "ఏమి తాగుతాండావ్ నువ్వు?"

"నీళ్ళే మేడం."

"ఎన్ని?"

ఆయన నా వైపు చూసి, వెంటనే నేల వైపు చూశాడు. "ఇచ్చినన్ని" అన్నాడు.

"నొప్పి బిళ్ళలేమన్నా మింగుతాండావా?" "లేదు మేడం." మేడం ఆపరేషన్ పది రోజులు వాయిదా వేశారు. ఈ లోపల బాగా నీళ్ళు తాగించి మళ్ళీ పరీక్ష చేయాలి. ఈ అంకెతో మత్తు ఇస్తే బతుకుతాడు గానీ, ఉన్న ఒక్క కిడ్నీ దెబ్బతినొచ్చు అన్నారు. దెబ్బతింటే ఇచ్చేవాళ్ళు ఎవరు? ఈ కాలనీలో రక్తం కడిగే యంత్రం ఒకటి ఉండేది, పోయినేడు పాడైంది, విడిభాగాలు వచ్చే ఓడ ఇంకా రెండేళ్ళకి.

ఇంటికి వస్తూ నాకు విషయం అర్థమైంది. అర్థమైందని అనుకున్నాను. రోజుకు నాలుగున్నర లీటర్లు తాగేవాడు ఎండిపోడు. అయితే ఆ నీళ్ళు ఎవరు తాగుతున్నారు? ఆ బుగ్గలు ఎందుకు నిండాయి? బట్టీ దగ్గర పట్టుకున్న రెండు లీటర్లూ నేరుగా తీసుకెళ్ళి ఆమెకు పోస్తున్నాడు! కిడ్నీ ఇచ్చింది చాలక ఇప్పుడు ఉన్న దాన్ని కూడా ఆమె కోసమే ఎండగడుతున్నాడు. దారంతా పళ్ళు నూరుకుంటూ నడిచాను. ఆయన వెనకే వచ్చాడు. మేడం చెప్పిన నీళ్ళ సంగతి నేను ఎత్తలేదు, నా వాటాలోంచి పోసినా అవీ ఆమెకే పోతాయని.

రోజు 3,171

డ్యూటీ మధ్యాహ్నానికి అయిపోయింది. నేరుగా చౌడేశ్వరి గదికి వెళ్ళాను. ఆమె బట్టీ మానేసి ఇప్పుడు బయటికి వేసుకెళ్ళే సూట్లు చిరిగితే కుట్టే పని చేస్తోంది. గది నిండా డబ్బాలు. కరివేపాకు, కొత్తిమీర, ఒక డబ్బాలో మల్లె కూడా. మల్లె! నేను మల్లెపువ్వు బొమ్మలోనే చూశాను.

"ఏమ్మే, నా మొగుని నీళ్ళు తాగి బాగా బలిసినావే" అన్నాను. వాకిట్లోనే అన్నాను. పక్క గదుల వాళ్ళు బయటికి వచ్చారు.

ఆమె చేతిలో సూది అలాగే ఉంది. "ఏందక్కా?"

"నటించగాకు. రోజూ ఆయప్ప తెచ్చి పోస్తాండాడా లేదా? ఆయప్ప కిడ్నీ చెడిపోతాంది, తెల్సా? ఒకటి పీకిచ్చుకుంటివి. రెండోది గూడా కావల్నా?"

"అక్కా, తిప్పేసామి నాకు కనపడి యాభై దినాలైంది" అంది. "ఆయప్పే నీళ్ళు వదులుకున్న్యాడనుకున్నా. చీటీలో అట్లనే ఉండె. నాకు పెట్టినాడులే, పుణ్యాత్ముడని కడుపునిండా తాగినా, చెట్లకు పోసినా, తల రుద్దుకున్నా. అబద్ధమేంటికి చెప్పేది?"

"ఏ చీటీ?"

లోపలికి వెళ్ళి నీళ్ళ ఆఫీసు చీటీ తెచ్చింది. నా సంతకం ఉన్న కాగితానికి నకలు. జంట కుళాయి రద్దు. అదనపు నీరు రెండు లీటర్లు: కిడ్నీ మనిషికి. కిడ్నీ మనిషి పేరు: చౌడేశ్వరి. రెండో మనిషి తిప్పేస్వామికి అదనపు నీరు లేదు.

మూడుసార్లు చదివాను.

మా ఆసుపత్రిలో కిడ్నీ మనిషి అంటే కిడ్నీ ఇచ్చినవాడు. నీళ్ళ ఆఫీసులో కిడ్నీ మనిషి అంటే ఆ కిడ్నీ ఎవరి దగ్గరుంటే వాళ్ళు. వాళ్ళకి మనుషులతో పనిలేదు, కుళాయి ఏ కిడ్నీ కోసం వేశారో ఆ కిడ్నీ ఎక్కడుందో చూస్తారు. ఒక్క మాట. నేను ఆ గుమాస్తాని "ఎవరు?" అని అడగలేదు. అడిగే తీరిక నాకు లేదు, ఆమె జుట్టు ఎండిపోవడం కళ్ళ ముందు కనబడుతోంది మరి.

యాభై రోజులు. కొత్త పొయ్యి ముందు చెమటలు కారుస్తూ, రెండున్నర లీటర్లతో.

"అక్కా, కూచో" అంది చౌడేశ్వరి. గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది. తీసుకోలేకపోయాను. ఆ నీళ్ళు ఆయనవి.

నీళ్ళ ఆఫీసుకు పరిగెత్తాను. మళ్ళీ కలపాలంటే రెండిళ్ళ ఆడవాళ్ళ సంతకాలూ కావాలట, రెండు పూటలు పడుతుందట. విడగొట్టడానికి మాత్రం నిమిషం పట్టింది. చౌడేశ్వరి నా వెనకే వచ్చి, అడక్కుండానే సంతకం పెట్టింది. ఇంటికి వెళ్ళి ఆయనకు చెబుదామనుకున్నాను. ఆయన బట్టీ నుంచి వచ్చి పడుకుని ఉన్నాడు, మొహం పీక్కుపోయి ఉంది. చెప్పలేదు. నా వాటా నీళ్ళు మొత్తం ముందు పెట్టి తాగమన్నాను. ఎందుకు అని కూడా అడగకుండా తాగాడు.

రోజు 3,172

ఉదయం 8.10. తిప్పేస్వామిని స్ట్రెచర్ మీద తెచ్చారు. బట్టీలో బండి ఎత్తుతుంటే పేగు గజ్జల్లోకి దిగి ఇరుక్కుంది, ఈసారి లోపలికి పోవడం లేదు. వాంతులు. సర్జన్ చూసి మధ్యాహ్నం లోపల కోయాలన్నాడు, లేకపోతే పేగు కుళ్ళిపోతుంది. వాయిదా వేయడానికి లేదు.

8.40. క్రియాటినిన్ రెండూ పాయింట్ ఒకటి.

హుసేన్‌బీ మేడం చీటీ చూసి తల పట్టుకున్నారు. "నీళ్ళు తాగిచ్చమంటి గదా! నాలుగు దినాల్లో తగ్గల్ల, పెరిగిందేందమ్మా? నాకు కారణం తెలీకుండా ఎట్ల మత్తు ఇయ్యాల? కిడ్నీకే జబ్బొచ్చిందేమో, అట్లయితే లెక్క వేరే."

నేను చెప్పాను. కుళాయి సంగతి, కాగితం సంగతి, కిడ్నీ మనిషి అన్న మాట సంగతి. ఎవరిని ఎండగడదామని సంతకం పెట్టానో కూడా చెప్పాను. సర్జన్ విన్నాడు, ఆయా విన్నది. తల కొట్టేసినట్టయింది. కానీ మేడంకి సగం నిజం చెబితే మందు సగం తప్పుతుంది.

మేడం చీటీ బల్ల మీద పెట్టారు. "యా అల్లా! ఎంత పని చేస్తివే" అన్నారు. ఆ తర్వాత, "అయితే కిడ్నీకి జబ్బు లేదు. ఎండింది, అంతే. ఎండిందైతే తడపొచ్చు" అన్నారు. నా మీద అరుస్తారనుకున్నాను. అరవలేదు. నాకు అదే ఎక్కువ బాధ అనిపించింది.

సొంతవాళ్ళు మత్తు డ్యూటీలో ఉండకూడదు. కానీ రెండో సహాయకురాలు దగ్గుతో విడిగా ఉంచిన గదిలో ఉంది. "మందులు నేనే వేస్తా. నువ్వు బీపీ చూడు, మూత్రం సంచి చూడు. గట్టిగా చెప్పు. ఏడిస్తే బయటికి పంపిస్తా" అన్నారు.

9.30. నరంలోకి ఉప్పునీళ్ళు, వెచ్చగా. ఒక సీసా అయింది, రెండోది పెట్టాం. వాంతులు కాబట్టి కడుపులోది గొట్టంతో తీశాం. కిడ్నీ మీద పడకుండా ఒంట్లో దానంతటదే విరిగిపోయే, కండరాలు వదులు చేసే మందు తీశారు. మామూలు నొప్పిసూదిని ట్రేలోంచే తీసేయమన్నారు, పొరపాటున కూడా చేతికి రాకూడదని. తీసి బయట పెట్టాను.

10.50. మత్తు. ఆయన నిద్రపోయేముందు నా చెయ్యి పట్టుకున్నాడు. నేను గట్టిగా పట్టుకోలేకపోయాను.

11.05. బీపీ నూట పది. 11.12. తొంభై ఆరు. 11.15. ఎనభై నాలుగు. "ఎనభై నాలుగు!" అని అరిచాను. మేడం ముందే సూది పట్టుకుని ఉన్నారు. మత్తు కాస్త తగ్గించారు, బీపీ మందు నరంలోకి వేశారు. 11.18. నూట రెండు. ఆ మూడు నిమిషాలు ఎలా గడిచాయో ఈ పుస్తకంలో రాయలేను.

11.50. సర్జన్ పేగును విడిపించాడు. రంగు తిరిగి వచ్చింది, కోయనక్కర్లేదన్నాడు.

12.00. మూత్రం సంచి: గంటలో నాలుగు మిల్లీలీటర్లు. ముప్పై దాటాలి.

12.40. ఆపరేషన్ అయిపోయింది. కళ్ళు తెరిచాడు, దగ్గాడు, గొట్టం తీశాం. ఊపిరి బాగుంది. బీపీ నూట పదిహేను.

1.00. ఏడు మిల్లీలీటర్లు.

2.00. తొమ్మిది. మేడం ఇంకో సీసా పెట్టించి, "చూస్తాం" అన్నారు. ఆమె నోటి నుంచి "చూస్తాం" అనే మాట ఎప్పుడు వస్తుందో నాకు ఎనిమిదేళ్ళుగా తెలుసు.

3.00. పదకొండు. చౌడేశ్వరి బయట వరండాలో నిలబడి ఉందని ఆయా చెప్పింది. లోపలికి రానివ్వొద్దన్నాను. ఈ పరిస్థితిలో కూడా అన్నాను.

రోజు 3,173

ఉదయం 7.00. ఆయనకు బాగా తెలివి వచ్చింది. మంచం పక్కన సంచి చూస్తూ కూర్చున్నాను. ఇద్దరమే ఉన్నాం.

"ఏమప్పా, కుళాయిలో నీళ్ళు రాలేదని నాకు ఏంటికి చెప్పలేదు?"

ఆయన పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. గొంతు బొంగురుగా ఉంది. "బట్టీ కాడ వేలు పెడ్తే ఎర్ర దీపం వచ్చె. చీటీ వచ్చె. నీ సంతకం ఉండె. నువ్వు తెల్సే చేసినావనుకుంటి."

"నేనా? నిన్ను ఎండగట్టేదానికా?"

"ఆరేండ్లు అయ్యె నీకు నా మింద కోపం. ఇట్లన్నా తీరుతుందిలే, తీరితే సాలు, అని గమ్మునుంటి."

రోజూ సాయంత్రం "నీళ్ళు పట్టుకున్న్యావా?" అని అడిగాను. ఆ ప్రశ్నని ఈయన ఎలా విన్నాడో ఇప్పుడు తెలిసింది. ఎగతాళి చేస్తున్నాననుకున్నాడు. ఎగతాళికి కూడా "ఆ" అన్నాడు.

"నీకు కాదప్పా" అన్నాను. "నిన్ను కాదు. కిడ్నీ మనిషి అంటే నువ్వే అనుకుంటి. దానికి నీళ్ళు ఆపేదానికి సంతకం పెడ్తి. చౌడేశ్వరికి."

ఇది చెబితే ఆయనకు కాస్త ఊరటగా ఉంటుందనుకున్నాను. మొగుణ్ణి కాదు కదా ఎండగట్టింది. ఆయన తల నెమ్మదిగా నా వైపు తిప్పాడు. మొన్నటి దాకా ఆయన కళ్ళలో నేను చూసింది నీరసం. ఇప్పుడు చూసింది వేరే.

"దానిలో ఉండేది గూడా నాదే గదే" అన్నాడు. "యా తట్టు ఆపినా ఎండేది నేనే."

అంతే అన్నాడు. కోప్పడలేదు. కళ్ళు మూసుకున్నాడు.

ఆరేళ్ళుగా ఆమె ఒంట్లో నా మొగుడి కిడ్నీ ఉందని కుళ్ళుకున్నాను. అది ఆమె దోచుకున్న వస్తువన్నట్టు చూశాను. అది ఇంకా ఆయనే అని, అక్కడ కూడా ఆయనే బతుకుతున్నాడని ఒక్కరోజు కూడా నాకు తట్టలేదు. ఆసుపత్రిలో పనిచేసేదాన్ని.

8.00. మూత్రం సంచి: నలభై ఐదు మిల్లీలీటర్లు. మళ్ళీ కొలిచాను. నలభై ఐదే. క్రియాటినిన్ ఒకటీ పాయింట్ తొమ్మిది, దిగుతోంది. హుసేన్‌బీ మేడం వచ్చి చూసి, "బతికిపోయినావ్ పో" అన్నారు. ఆయనతో అన్నారో నాతో అన్నారో తెలియలేదు.

8.15. వరండాలోకి వెళ్ళాను. చౌడేశ్వరి నిన్నటి చీరతోనే నేల మీద కూర్చుని ఉంది. జుట్టు ముడి వేసుకోలేదు.

"ఒంటికి పోసినాడా?" అంది.

"నలభై ఐదు."

రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు నిన్నటి నుంచి ఒక్క చుక్క రాలేదు, ఆమెకు ధారలుగా వస్తున్నాయి. దానికీ నాకు కుళ్ళు వచ్చింది. రాకపోతే బాగుండు, వచ్చింది, రాస్తున్నాను.

"లెయ్, లోపలికి రా" అన్నాను. "అడుగుతాండాడు" అని అబద్ధం చెప్పాను.

మంచం పక్కన ఉన్నది ఒక్కటే స్టూలు. ఆమెను కూర్చోమని నేను నిలబడ్డాను.